తవిటమ్మ సాంబ్రాణి మూకుడు

హిందీ మాట్లాడే బాగ్‌బేరాలో, రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగు పిల్లల్లో సగంమందికి మొదటి స్నానాలు తవిటమ్మ పిన్ని చేతి మీదే జరిగాయి. కాళ్లు బారచాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టి వేణ్ణీళ్లు పోసేది. తరవాత మూకుడులో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తువ్వాలులో చుట్టిన బిడ్డని ఆ పొగకి పట్టేది. తను కన్న ముగ్గురూ మాత్రం ఏడాది నిండకుండానే పోయారు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. శనివారం సాయంత్రాలు గార్డు కూర్మారావుగారి క్వార్టర్లో మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం. సంఘపెద్ద ఆయనే. అందరూ వంతులవారీగా పైకి ప్రార్థన చెయ్యాలి. పిన్ని వంతు వచ్చేసరికి "అయ్యా..." అని ఆగిపోయేది. చాప పోగులు లాగుతూ కూర్చునేది.

ఓ శనివారం కూర్మారావుగారు అందరి ముందూ అనేశారు. "ధూపం విగ్రహాలకి వేసేది, తవిటమ్మా. అది మానితేనే పై ఆదివారం బల్లకి రా. నహీ తో మత్ ఆనా, లేకపోతే రాకు."

బల్ల అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆవిడకి అదే మొదటిది కాబోతోంది.

మర్నాడే మా ఇంటికొచ్చింది. నాది యార్డులో వ్యాగన్ నంబర్లు రాసుకునే ఉద్యోగం. బైబిలు నాకెవరూ చెప్పలేదు, చదివి చదివి తెలుసుకున్నదే.

"బాబూ, నువ్వు అచ్చరాలు తెలిసినోడివి. పరలోకంలో పూజ ఎలాగ చేత్తారో చూసి చెప్పు. అక్కడ సాంబ్రాణి ఉంటాదా, ఉండదా?"

బైబిల్లో పరలోక దర్శనాలున్న చివరి పుస్తకం తిరగేశాను. సింహాసనం ముందు పెద్దలు, చేతుల్లో వీణలు, ధూపంతో నిండిన బంగారు పాత్రలు. ఆ ధూపం భక్తుల ప్రార్థనలేనని కూడా అక్కడే ఉంది. పిన్ని మొహం విప్పారింది. అయినా ఉన్నది చెప్పాలి కదా.

"ఇది గుర్తు, పిన్నీ. మన ప్రార్థన ఆయన దగ్గర ఎంత విలువైనదో చెప్పడానికి. మనని సాంబ్రాణి వెయ్యమని కాదు."

"గుర్తే అవనీ. ఆ గిన్నెల్లో ఉన్నది పొగేటి, సాంబ్రాణి ముక్కలేటి?"

అది రాయలేదన్నాను.

"పొగ గిన్నెలో ఆగుతాదేటి బాబూ? ముక్కలే. నిప్పు తగిలితే కదా లేచేది." పేజీ మీద చెయ్యి వేసింది. "అయితే నా ముగ్గురి కోసం ఏడిసి అడిగినవి ఆయన పారబొయ్యలేదన్నమాట. అలాగే ఉన్నాయి."

కొన్ని పేజీల తరవాత, దూత వేసిన ధూపం పొగ ప్రార్థనలతో కలిసి దేవుడి ముందుకి లేవడం ఉంది. అది చదివి వినిపించాను.

"చెప్పలేదేటి నాను?" అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

శనివారం కూటంలో లేచి నిలబడింది.

"గార్డుబాబూ, పొగ మానెయ్యమంటే మానేత్తాను. మరి నా మాట ఎక్కడ చెప్పుకోను?"

"ఏం మాట?"

"మీలాగ నాకు మాటలు కూడవు. బిడ్డని పొగకి పట్టినప్పుడు ఒక్కటే వత్తాది. అయ్యా, దీన్ని బతకనీ, అని. మునుపూ అదే, ఇప్పుడూ అదే."

"అంతేనా? రైలు టిక్కెట్టంత లేదు!" అని పక్క క్వార్టరు అప్పలసూరి నవ్వాడు. కూర్మారావుగారు నవ్వలేదు.

"మా చంటిదానికీ అన్నావా?"

"దానికి రెండుసార్లు అన్నాను. పుట్టినప్పుడు ఏడవలేదు కదా బాబూ."

అప్పుడే వంటగది గుమ్మంలోంచి ఆ చంటిది, ఇప్పుడు పదేళ్లది, తల బయటపెట్టి, టీ తేనా అని తండ్రిని అడిగింది. "పాపా, చాయ్ లావూఁ?"

కూర్మారావుగారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"ఇవాళ ప్రార్థన నువ్వే మొదలుపెట్టు, తవిటమ్మా. ఆ మాటే చెప్పు."

"అయ్యా, అందరినీ బతకనీ," అంది పిన్ని. అందరికన్నా ముందు ఆమెన్ అన్నది ఆయనే.

ఆదివారం పొద్దున్నే ఓ బాలింత ఇంట్లో బిడ్డకి నీళ్లు పోసి, పొగకి పట్టి, అటునుంచటే బల్లకి వచ్చింది పిన్ని. రొట్టె పళ్లెం అందిస్తున్న కూర్మారావుగారికి ఆ వేళ్ల సాంబ్రాణి వాసన తగిలే ఉంటుంది. ఆవిడ తీసుకునేదాకా పళ్లెం వంచి పట్టుకునే ఉన్నారు.