నాలుగు వేళ్ల ఫొటో

పురిటికి మన్సూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చి, చక్కని ఆడపిల్లను కన్న మా అమ్మాయి, ఇంకా పసిదాని బొడ్డైనా సరిగ్గా ఆరకముందే, ఫొటోలు తీసే అమ్మాయి ఇంటికే వస్తుంది, గది సర్దిపెట్టమని చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే పట్టలేనంత కుతూహలమూ వచ్చింది. మన కాలంలో చంటిపిల్లలకు ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందనేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఇప్పుడేమో ఆలస్యం చేస్తే పనికిరాదట. కడుపులో ఉన్నట్టే ముడుచుకుని పడుకునేది ఈ కొద్ది రోజులేనట, తర్వాత కాళ్లు చాపేసి మన మాట వినరట. ఆలోచిస్తే నిజమే అనిపించింది.

ఆ ఫొటోల అమ్మాయి ముందుగానే ఫోన్లో సూచనలు పంపింది. బిడ్డకు కడుపు నిండా పాలివ్వాలి, కాటుక పెట్టకూడదు, నూనె రాయకూడదు, కిటికీ పక్కన మంచం ఖాళీగా ఉండాలి, గది వెచ్చగా ఉండాలి. మగపెళ్లివారు కూడా మాకు ఇన్ని ఆజ్ఞలు ఇవ్వలేదు! సరే, ఆజ్ఞ ఆజ్ఞే కదా అని అన్నీ చేశాను. గది వెచ్చగా ఉండటమంటే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. తలుపులూ కిటికీలూ బిగించి, కుంపట్లో నిప్పులు రాజేసి, గుప్పెడు సాంబ్రాణి వేశాను. పసిదాన్ని మాత్రం మా వియ్యపురాలు ముందుగదిలో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడది తెనాలి వైపు, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో, మనవరాలు పుట్టినప్పటి నుంచీ మకాం మా సోఫాలో.

ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, ఆటోలో సామానంతా వేసుకుని వచ్చిన ఆ ఫొటోల పిల్ల గది తలుపు తీసి దగ్గుతూ వెనక్కి గెంతింది.

"ఆంటీ, జర కిటికీలు తెరుస్తరా? నాకు మంచం కనవడ్తలేదు, మీరు కనవడ్తలేరు!"

వియ్యపురాలు నవ్విన నవ్వుకు పసిది ఉలిక్కిపడి లేచింది. పొగంతా పోయేదాకా, బిడ్డ మళ్లీ పాలు తాగి పడుకునేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ వంకతో నేను ఆ పిల్ల సంచుల దగ్గర చేరి ఒక్కొక్కటీ తీసి చూశాను. నిమ్మకాయకు తొడిగేంత ఉన్ని టోపీలు, వెదురు బుట్ట, వెన్నలాంటి గుడ్డలు, ఇంకా ఏదో 'ష్ ష్' అని ఆగకుండా మోగే చిన్న డబ్బా. కడుపులో ఉన్నప్పుడు పిల్లలకు ఇలాంటి చప్పుడే వినిపిస్తుందట. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాను. ఇంత గోలలో తొమ్మిది నెలలు ఉండి వచ్చామా మనం, అనిపించింది.

తీరా మొదలుపెట్టే వేళకు దిష్టిచుక్క దగ్గర పేచీ వచ్చింది. బుగ్గన చుక్క ఉంటే ఫొటో పాడవుతుందని ఆ పిల్ల, చుక్కైనా లేకుండా ఫొటోలేంటండీ వదినగారూ, ఎవరి కళ్లు ఎలాంటివో అని మా వియ్యపురాలు. చివరికి అరికాల్లో కాటుకచుక్క పెట్టి ఇద్దరినీ ఒప్పించాను. పసిది బుట్టలో ముడుచుకుని అచ్చం తమలపాకు చిలకలా పడుకుంది, ఫొటోలు టకటకా పడ్డాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. తల్లీబిడ్డల ఫొటో ఒకటి తీద్దామని పిలిస్తే మా అమ్మాయి మంచం మీద నుంచి కదలలేదు. చెవుల మీదుగా గుడ్డ కట్టుకుని, నిద్రలేక కళ్లు గుంటలు పడి, ఒళ్లంతా నీరొచ్చి ఉంది.

"నా మొఖం జూడు ఎట్ల ఉబ్బిందో. గీ మొఖంతోని ఫొటో ఏంది? మళ్ల దిగుతలే, పిల్లను తియ్యమను."

అందులో తప్పేముంది? ఏ బాలింతైనా ఆ మాటే అంటుంది. ఫొటోల పిల్ల కూడా ఏమీ అనుకోకుండా, అయితే చేతులు మాత్రం పెట్టక్కా, మొఖం రాకుంట తీస్త, ఇప్పుడు అందరూ అట్లనే దిగుతున్నరు అని బిడ్డ నడుము కింద మా అమ్మాయి చెయ్యి సర్దబోయింది. పసిదాని పొట్ట చుట్టూ నాలుగు వేళ్లు వచ్చి నిలిచాయి. అది చూడగానే వద్దంటే వద్దని ఎంత గట్టిగా అరిచానంటే, వియ్యపురాలు సోఫాలోంచి లేచి వచ్చింది.

ఆ నాలుగు వేళ్ల సంగతి మీకు చెప్పాలి. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. నన్ను పెంచింది మా మేనత్త. నేను ఇంకా కూర్చోలేని పసిదాన్నిగా ఉన్నప్పుడు మా నాన్న ముచ్చటపడి సూర్యాపేట స్టూడియోకు తీసుకెళ్లాడట. కూర్చోలేని పిల్లలకు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీదుగా పూల దుప్పటి కప్పేసి, ఆ ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టేవారు. చూసేవాళ్లకు బిడ్డ ఒక్కతే దర్జాగా కుర్చీలో కూర్చున్నట్టుంటుంది. దుప్పటి కింద నుంచి మా అమ్మ చెయ్యి వచ్చి నా నడుమును పట్టుకుంది. ఫొటోలో ఆ నాలుగు వేళ్లే పడ్డాయి. పనిలో పనిగా నువ్వూ దిగమని స్టూడియో ఆయన అంటే, ఈ పాత చీరతోనా, మంచిది కట్టుకుని మళ్ల దిగుతలే అందట. ఆ 'మళ్ల' అన్నది రానే లేదు. మా అమ్మకు వేరే ఫొటో లేదు. చిన్నప్పుడు మేనత్త పొలానికి వెళ్లాక నేను ఆ ఫొటో తీసి, దుప్పటి తొలగుతుందేమోనని గోటితో గీకేదాన్ని. ఆ గీత ఇప్పటికీ ఉంది. అమ్మ ఎట్లుండేదని ఎవరినడిగినా మంచిగుండేదనే చెప్పేవారు. ముక్కు ఎలాంటిదో, నవ్వితే ఎలా ఉండేదో చెప్పమంటే ఎవరికీ చెప్పడం వచ్చేది కాదు.

ఇవన్నీ ఆ రోజు అక్కడ నేను చెప్పలేదు. బీరువాలో చీరల కింద నుంచి ఆ ఫొటో తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టాను. ఇన్నేళ్లుగా నా చిన్నప్పటి ఫొటో అని చూసిందే గానీ, వేళ్లు ఎవరివో అది ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ అమ్మమ్మ, గీ దుప్పటి కింద ఉన్నది, అని మాత్రం అన్నాను. అది ఫొటో వైపు, గీత వైపు, నా వైపు చూసింది. కళ్లు తుడుచుకుని, చెవిగుడ్డ విప్పబోయింది.

"ఉండనియ్ బిడ్డా," అన్నాను. "బాలింతవు బాలింత లెక్కనే కనవడాలె."

అలాగే దిగింది. చెవిగుడ్డతో, ఉబ్బిన మొహంతో, కెమెరా వెనక ముక్కు చీదుతున్న అత్తగారిని చూసి ఆపుకోలేక నవ్వుతూ.

సామాను సర్దుకునేటప్పుడు ఫొటోల పిల్ల నా పాత ఫొటోను వెలుతురులో పెట్టి చూస్తుంటే, చిన్నప్పటి కుతూహలం మళ్లీ లేచింది. మీ కంప్యూటర్‌తో ఈ దుప్పటి తీసి చూపించొచ్చా అని అడిగాను. ఒక మొఖం అయితే పెట్టొచ్చు ఆంటీ, కానీ అది మీ అమ్మది కాదు, అంది. ఎవరిదో మొఖం నాకెందుకు, వద్దులే అన్నాను. ఆ గీతను మాత్రం చెరపకుండా ఫొటో కొంచెం పెద్దది చేసి ఇమ్మన్నాను.

కాలం ఎంత మారిందంటే ఇప్పుడు పిల్లలు ఆవులించినా ఫొటోయే. అయినా ఫోన్ పట్టుకునేది తల్లే కాబట్టి, వాటిలో తల్లి కనిపించేది ఎక్కడో ఒకటి. దుప్పటి పోయింది గానీ, తల్లులు ఏదో ఒక దాని వెనక నక్కడం పోలేదు. మా మనవరాలు పెద్దదై, తను పుట్టినప్పుడు వాళ్లమ్మ ఎట్లుందని అడిగితే, ఎవరూ తడుముకోనక్కర్లేదు. ఆ పిల్లకు గోటితో గీకే పని లేదు.