చిన్నాన్న ఆపిన ఇంజన్

నా చిన్నప్పుడు మా కొబ్బరి తోటలో ఇంజన్‌కి దయ్యం పట్టింది. ఆ దయ్యం పరాయిది కాదు, మా చిన్నాన్నే. అరవైల చివరి మాట. బారువకి కాస్త దిగువన, సముద్రం హోరు ఇంట్లోకి వినబడే ఊరు మాది. పెద్దయ్యాక నేను కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసే ఉద్యోగంలో చేరి తల నెరిసేదాకా అందులోనే ఉన్నాను. నడవనని మొండికేసిన ప్రోగ్రాం ఎదురైన ప్రతిసారీ నాకు ముందుగా వినబడేది ఆ ఇంజన్ దగ్గిన దగ్గే.

చిన్నాన్న మనిషి సన్నం, దగ్గు మాత్రం పెద్దది. చుట్ట మానమంటే నవ్వేవాడు. పెళ్లయిన ఏడాది ఆయనా పిన్నీ కలిసి ఇసక నేలలో కొత్తగా కొబ్బరి మొక్కలు వేశారు. వాటికి నూతి నీళ్లు కుండలతో మోసి మోసి పిన్ని భుజం కాయలు కాసిపోయింది. అది చూడలేకే ఆయన తాతయ్యతో పోట్లాడి మరీ ఆయిల్ ఇంజన్ తెచ్చి నూతి పక్కన పాక వేసి పెట్టాడు. దాని పొగగొట్టం పాక కప్పు దాటి నిలువుగా ఉండేది. ఇంజన్ ఆపాక ఆ గొట్టం మూతికి కొబ్బరి చిప్ప బోర్లించడం మా వైపు అందరి అలవాటు. వాన నీళ్లూ ఎగిరొచ్చే ఇసకా లోపల పడకుండా అదే మూత. చిప్ప తీశామంటే పొగకి దారి తెరిచినట్టే లెక్క.

ఆ చైత్రంలో ఒక సాయంత్రం సముద్రం మీంచి ఈదురుగాలీ దాని వెనకే వానా వచ్చాయి. మర్నాడు పొద్దున్నే రాలిన మట్టలు ఏరుతూ ఉంటే చిన్నాన్నని పాము కరిచింది. పలాస తీసుకెళ్తుండగా బండిలోనే పోయాడు. ఇంట్లో మనిషి పోతే ఆ మనిషి వాడిన పనిముట్టుని మైల పోయేదాకా ముట్టుకోకూడదు కనక ఇంజన్ వైపు ఎవరూ పోలేదు. గాలికి కింద పడి ఉన్న చిప్పని మాత్రం తాతయ్య మళ్లీ గొట్టం మీద బోర్లించి వచ్చాడు.

పెద్దకర్మ అయ్యాక తాతయ్య చిప్ప తీసి హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ అందుకుంది. అందుకుని, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉక్కిరిబిక్కిరిగా దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అదే. చుట్ట తాగాక చిన్నాన్నకి వచ్చే పొడి దగ్గు అచ్చంగా అది. తాతయ్య చెయ్యి హ్యాండిల్ మీంచి జారిపోయింది. పాక గుమ్మంలో నిలబడ్డ మా నాయనమ్మ, "వొచ్చినావా నాయినా?" అంది, ఎంతో మామూలుగా, కొడుకు పొలం నుంచి వస్తే అడిగినట్టు.  

టెక్కలి నుంచి ఒక మేస్త్రీని రప్పించారు. ఆయన వచ్చీ రాగానే దీన్ని విప్పి, దాన్ని మార్చి, ఇంకోదాన్ని బిగించి, ఏం చేస్తే ఏమైందో తనకే తెలియకుండా చేసుకున్నాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది మా పని. కాస్తోకూస్తో దగ్గేది కాస్తా కొన్నాళ్లు అదీ మానేసింది. ఆయన్నే మళ్లీ బతిమాలి విప్పినవన్నీ యథాప్రకారం పెట్టిస్తే దగ్గు తిరిగొచ్చింది. అది పోయినవాడి దగ్గని ఊళ్లో ఎవరో చెవిన వేసేసరికి ఆయన సామాను సర్దుకుని పొద్దుండగానే వెళ్లిపోయాడు.

అప్పుడు సోది చెప్పే ముసలామెని పిలిచారు. ఆమె కళ్లు మూసుకుని, కుర్రాడు ఇంజన్లోనే ఉండిపోయాడంది. పెళ్లాం ఎదురుగా తిరుగుతున్నంత కాలం కదలడంది. పిన్నిని పుట్టింటికి పంపేస్తే వదిలేస్తాడంది. నాయనమ్మ చెడ్డది కాదు, కొడుకు పోయిన తల్లి. ఆ మాట పట్టుకుంది. జలంత్రకోటలో ఉన్న పిన్ని అన్నగారికి కబురు వెళ్లింది. ఈలోగా మొక్కల మొవ్వులు వాడి పసుపురంగుకి తిరుగుతున్నాయి. పిన్ని మళ్లీ కుండ భుజానికెత్తుకుంది. ఆమె నీళ్లు పోసే వరుస ఒక్కటే పచ్చగా ఉండేది. మిగతా తోటంతా ఆమె వెళ్లిపోవడం కోసం ఎదురు చూస్తున్నట్టుండేది. ఆమె వెళ్లిపోతుందంటే నాకు అన్నం సయించేది కాదు.

అన్నగారు బండి కట్టుకుని వచ్చిన రోజు ట్రంకుపెట్టె ఎక్కించేశారు. పిన్ని ఎక్కలేదు. వీధి అరుగు మీద కూర్చుని నాయనమ్మని అడిగింది.

"అత్తా, దెయ్యం అయిపోయాక నీ కొడుకు ఏటి సేత్తన్నాడో ఊరంతా సెప్తన్నారు. బతికున్నప్పుడు ఆకరి సాయంత్రం ఏటి సేసినాడో నాకు సెప్పు. నీ కంటితో సూసిందే సెప్పు."

ఎవరూ అలా అడగలేదు అంతవరకు. నాయనమ్మ కళ్లు తుడుచుకుని ఆలోచించింది. గాలి లేచినప్పుడు కొడుకు పెరట్లోకి పరుగెత్తుకొచ్చి తాడు పేనడానికి పెట్టిన కొబ్బరి పీచు గుప్పెళ్లతో పట్టుకుపోయాడని చెప్పింది. ఎందుకని అడగలేదట. పిన్ని నా వైపు తిరిగింది. "నువ్వేటి సూసినావు గుంటా?" అంది. చిప్ప ఇసకలో దొర్లుకుంటూ పోవడం, చిన్నాన్న దాన్ని తెచ్చి పెట్టడం, గాలి మళ్లీ పడగొట్టడం చూశానని చెప్పాను. అది చూసి నవ్వుకున్నానని కూడా చెప్పాను.

పిన్ని లేచి తోటలోకి నడిచింది. మేమంతా వెనకే వెళ్లాం. ఆయన నిలబడిన చోటు నన్నడిగి అక్కడే నిలబడి, ఆయన చూసిన వైపు చూసి, నిచ్చెన వేయించుకుని ఎక్కింది. గొట్టంలోకి కొడవలి కొక్కెం దించి లాగింది. వానకి తడిసి బిగుసుకుపోయిన పీచు ఉండ బయటికొచ్చింది. చిప్ప నిలవడం లేదని చిన్నాన్న ఆ పీచుని లోతుగా కూరాడు. ఊడిపోకుండా తన తువ్వాలు అంచు చింపి చుట్టూ కట్టాడు. పొద్దున్నే తీసేద్దామనుకుని ఉంటాడు. చిప్ప తీసిన ప్రతివాళ్లూ దారి తెరిచామనే అనుకున్నారు, లోపల ఆయన చెయ్యి అడ్డం ఉందని ఎవరికీ తోచలేదు.

తాతయ్య హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఒక్క పెట్టున లేచింది. నీళ్లు బోదెలో పడి ఇసకని తడుపుకుంటూ మొక్కల వైపు పరుగెత్తాయి. మేస్త్రీ తవ్విన కొండకి చివరికి ఇదీ ఎలుక అని ఎవరో అంటే అందరూ నవ్వారు. తాతయ్య పిన్ని అన్నగారి దగ్గరికి వెళ్లి, "పెట్టె దించీ బావూ. పిల్ల ఇక్కడే ఉంటాది," అన్నాడు. నాయనమ్మ కోడల్ని కౌగిలించుకోబోయింది.

పిన్ని మాత్రం పీచు ఉండని ఒళ్లో పెట్టుకుని నిచ్చెన మొదట్లో కూలబడిపోయింది. ఆ చప్పుడులో ఆమె మాట నాకొక్కదానికే వినబడింది. "ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాడు. నానే తీసేసినాను," అంది.

ఆ దగ్గు మళ్లీ వినబడలేదు. పిన్ని ఆ ఇంట్లోనే ఉండి తోటని కాపుకి తెచ్చింది. పీచు ఉండని వంటింటి చూరులో దోపుకుంది. బూజులు దులిపినప్పుడు కూడా దాన్నెవరూ కదపలేదు. కొన్ని సాయంత్రాలు, ఇంజన్ ఆపి గొట్టం చల్లారాక, ఆమె పొగగొట్టానికి చెవి ఆనించి నిలబడడం నేను చూశాను.

ఉద్యోగంలో నా పక్కనున్న పిల్లలు తొందర మనుషులు. ప్రోగ్రాం నడవకపోతే మేస్త్రీలాగా పదిచోట్ల చెయ్యి పెట్టేవాళ్లు. ప్రోగ్రాంలో అడ్డుపడిన వరుస చూపించి, ఏ వెధవ రాశాడమ్మా ఇది అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆ వరుస రాసిన మనిషి ఏ గాలికి భయపడి రాశాడో ముందు కనుక్కోండి అని కసిరేదాన్ని. రాసినవాళ్లు చాలాసార్లు మానేసి వెళ్లిపోయి ఉండేవాళ్లు, ఒకరిద్దరు ఈ లోకంలోనే లేరు. అడ్డుపడిన వరుసని నేను తీసేదాన్నే, వెంటనే చెరిపేదాన్ని కాదు. ఓ పక్కన కొన్నాళ్లు ఉంచేదాన్ని. ప్రోగ్రాం నడిచిందని పిల్లలంతా కేరింతలు కొట్టి టీలకి లేచి వెళ్లాక నేను మాత్రం ఇంకాసేపు అక్కడే కూర్చునేదాన్ని, ఖాళీ గదిలో ఎవరైనా దగ్గుతారేమోనని.