గోగు ఊరే కాలంలో పోయే గొంతు

అరవైల చివర్లో నేను రాజాం నుంచి మా అత్తారి ఊరికి కోడలిగా వచ్చేసరికి మా ఆడపడుచుకి పదిహేడేళ్లు. తల్లి లేని పిల్ల. వసపిట్టలా వాగేది. కడుపుతో ఉన్న నన్ను చూసి, "వదినా, ఏటా నడక? సూడి గేదె నయం!" అని ఆటపట్టించేది. అలాంటి పిల్లకి భాద్రపదం వెళ్లగానే ఉన్నట్టుండి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలే తప్ప మాట లేదు. తిండి మానేసి మూల కూర్చుంది. నేను హడలిపోతే ఇంట్లోవాళ్లు, "సిన్నప్పట్నించీ ఏటేటా వస్తాది. సెరువు దెయ్యం. గోగు ఊరేస్తే పడతాది, నార తీసేసినాక ఒదిలేస్తాది" అన్నారు, వానల సంగతి చెప్పినంత మామూలుగా.

నార కోసం చెరువులో నానేసిన గోగు కట్టలు కుళ్లే కంపు మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కడుపుతో ఉన్న నాకైతే రోజూ వాంతులే. ఇంట్లోవాళ్లు పిలిపించిన భూతవైద్యుడు ఆ చెరువులోనే తీసిన పచ్చి నారతో తాడు పేని పిల్ల మెడలో కట్టాడు. దెయ్యం ఏ నీళ్లదో ఆ నీళ్ల నారే కట్టాలట! అమావాస్యకీ లొంగకపోతే పసుపుకొమ్ము కాల్చి నాలుక మీద వాత పెడతానన్నాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాంతుల వంక పెట్టి పుట్టింటికి బయల్దేరి, తోడుగా దాన్నీ తీసుకెళ్లాను. రాజాంలో బండి దిగగానే ఆ తాడు తెంపి కాలవలో పారేశాను. కొన్నాళ్లకి మా అమ్మ అట్లు పోస్తుంటే, "అత్తా, ఇంకోటెయ్యి" అంది పిల్ల. మందు లేదు, మంత్రం లేదు! నేను నోరెళ్లబెట్టాను.

గొంతొచ్చింది, ఇంక వాత ఉండదనే ధైర్యంతో అమావాస్య ముందు తిరిగొస్తుంటే, దారంతా పిల్ల కబుర్లే. మా ఊరి పొలిమేరలో గాలి తిరిగి చెరువు కంపు కొట్టిందో లేదో, అది చెబుతున్న మాట సగంలో ఆగిపోయింది. పట్టింది దెయ్యమైతే పిల్లతోపాటే రాజాం రాలేదా? ఇది వాసన పనే. ఊరందరికీ లేనిది ఈ పిల్లకే ఉందంటే, ఆ కంపులో దానికేదో జరిగుండాలి.

ఇంట్లో అడుగుపెట్టగానే మావగారిని నిలదీశాను. "మావా, నిజం సెప్పు. ఆ సెరువుకాడ ఈ పిల్లకేటయింది?"

ఆయన ఉన్నచోటే కూలబడ్డారు. "అప్పటికి దానికి రెండేళ్లమ్మా. ఏటీ గురుతుండదనుకున్నాం" అన్నారు. మా అత్తగారు మొలలోతు నీళ్లలో ఒంటరిగా గోగునార తీస్తూ సొమ్మసిల్లి మునిగిపోయారట. గట్టు మీద కూర్చోబెట్టిన పిల్లని పొద్దుగూకేదాకా ఎవరూ చూడలేదట. తల్లి జ్వరంతో పోయిందనే ఇన్నాళ్లూ దానికి చెప్పారు.

తల్లి ముఖమే ఎరగని పిల్ల! మనసుకి తెలియని సంగతిని ఒళ్లు పదిహేనేళ్లు దాచుకుని, ఏటా వేళ తప్పకుండా చెబుతూ వచ్చింది. ఎంత విచిత్రం! ఇప్పటికీ తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

భూతవైద్యుణ్ణి మావగారే గుమ్మం ఎక్కనివ్వలేదు. వాత తప్పింది. జబ్బు ఆ రోజుతోనే పోయిందని అబద్ధం చెప్పను, తర్వాత కూడా కొన్నేళ్లు ఆ కాలంలో దాన్ని రాజాం పంపుతూనే ఉన్నాం. కానీ ఆ సాయంత్రం మావగారు చెప్పిందంతా విని, పిల్ల ఆయన దగ్గరికొచ్చి కూర్చుంది. గాలిలాంటి గొంతుతో అడిగింది.

"నాను అమ్మని పిలిసినానా, అయ్యా?"

"పిలిసినావు తల్లీ. మేం వచ్చేసరికి నీకు గొంతు నేదు."

అప్పుడు ఏడ్చింది. వీధంతా వినబడేలా, "అమ్మా" అని.