పీటర్స్‌బర్గ్‌కు అడ్డంగా ఒక డాక్టరుగారు

కెనడాలోని మిస్సిసాగాలో మా ఇంటికి కాస్త దూరంలో ఒక రిటైర్డ్ గుండె డాక్టరుగారు ఉంటారు. ఆయనంటే నాకు గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, మీకూ హాయి. ఉక్రెయిన్ యుద్ధం రాకముందు ఆయన భార్యతో కలిసి ఓడెక్కి రష్యాలోని పీటర్స్‌బర్గ్ వెళ్ళి, రెండు రోజులు చూసొచ్చారు. అప్పటినుంచీ ఎవరిని భోజనానికి పిలిచినా, పాయసం గిన్నె చేతికిచ్చి, పెద్ద టీవీలో ఆ ఫొటోలు వేస్తారు. గోరంత చూసి కొండంత చెప్తారు. అన్నం పెట్టారు కనక వినక తప్పదు.

ఆ ఊళ్ళో నేను ఏడేళ్ళు ఉండి డాక్టరీ చదివాను. అప్పుడు దాని పేరు లెనిన్‌గ్రాడ్. సోవియట్ ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తే వెళ్ళాను. మొదటి ఏడాదంతా భాష నేర్చుకోవడానికే సరిపోయింది. కెనడా వచ్చాక పరీక్షలన్నీ పాసయ్యాను గానీ, డాక్టరుగా పనిచెయ్యాలంటే ఆస్పత్రిలో చెయ్యాల్సిన రెసిడెన్సీ శిక్షణకు సీటు దొరకలేదు. ఇప్పుడొక క్లినిక్‌లో అల్ట్రాసౌండ్ తీస్తుంటాను. ఇదంతా డాక్టరుగారికి తెలుసు. తెలిసే నలుగురిలో నన్ను ‘మన రష్యా డాక్టరు’ అంటారు.

పోయిన చలికాలం ఒక శనివారం మధ్యాహ్నం ఇంకో నాలుగైదు కుటుంబాలతో పాటు మమ్మల్నీ మళ్ళీ పిలిచారు. మా ఆవిడ డ్యూటీలో ఉంది. స్నో పడుతోందని మా అమ్మాయి నన్ను కారులో తీసుకెళ్ళి, తనూ భోజనానికి ఉండిపోయింది. పాతికేళ్ళ పిల్ల, బ్యాంకులో పని. చిన్నప్పుడు ఆ ఊరి సంగతులు చెప్పబోతే ‘లేటర్, డాడ్’ అని తప్పించుకునేది. ఈసారి బుద్ధిగా సోఫాలో కూర్చుని టీవీ వైపు చూస్తుంటే నాకు ఆశ పుట్టింది. ఇన్నాళ్ళకు నా ఊరు చూస్తుంది కదా అనుకున్నాను.

ఏం చూస్తుంది? ప్రతి ఫొటోలోనూ ఆయనే. జార్ల రాజభవనం సగం ఆయన కోటు వెనకాల ఉంది. కాలవలో పడవ షికారట, ఫొటో నిండా ఆయనా ఆవిడా తప్ప నీటిచుక్క లేదు. మ్యూజియంలో బంగారుపూత స్తంభానికి ఆనుకుని రెండు వేళ్ళు పైకెత్తి నవ్వుతున్నారు. పైగా అక్కడ కాఫీ బాగాలేదని ఫిర్యాదు.

అలా పోతూ పోతూ ఒక ఫొటోలో ఆయన భుజం మీదుగా పసుపుపచ్చ గోడ, ఇనప కటకటాల వంతెన కనిపించాయి. ఆ వంతెన దాటితే మేం పని నేర్చుకున్న ఆస్పత్రి. నా చేతుల్లో మొదటి బిడ్డ పుట్టిందక్కడే. కాస్త ఆపమని అడిగి, అమ్మాయి వైపు తిరిగి, అదిగో ఆ వంతెన దాటగానే అంటూ మొదలుపెట్టాను.

డాక్టరుగారు రిమోట్ నొక్కేశారు.

“ఊరు గొప్పదేనండీ, కాదనను. మనవాళ్ళు అక్కడికెళ్ళి డాక్టరు సీట్లు కొనుక్కోవడమే నాకు నచ్చదు. పట్టా అయితే ఇస్తారు, చదువెవరిస్తారు?” అన్నారు. అందరూ నవ్వారు. “మిమ్మల్ని కాదు లెండి,” అని పుండు మీద కారం కూడా చల్లారు.

“నేను కొనలేదండీ. నాకు పిలిచి ఇచ్చారు,” అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. ఇంకొంచెం పాయసం తెమ్మని వంటింట్లోకి కేకేశారు. నా గిన్నె బల్ల మీద పెట్టేసి లేచాను. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే, ఇంకా బోలెడు ఫొటోలున్నాయి, అప్పుడే వెళ్తారా అన్నారు.

“వాటిల్లోనూ మీరేగా. చూసేసినట్టే,” అన్నాను.

కారులో కూర్చున్నాక అనాల్సిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆయన్నీ, ఆయన ఓడనీ, పకపకా నవ్విన వాళ్ళనీ కడుపారా తిట్టాను. మా అమ్మాయి హీటరు పెంచి, మెల్లగా డ్రైవ్ చేసింది. మా వీధి ముందు రెడ్ లైట్ పడింది. తను నా చేతి మీద చెయ్యి వేసింది.

“ఇట్స్ ఓకే, డాడ్. సీటు కొనుక్కున్నా పర్లేదు. ఐ వోంట్ టెల్ ఎనీవన్,” అంది.

అంత ప్రేమగా అన్న పిల్లని ఏమని తిట్టను?