గరిటెతో పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట మా ఇంట్లో పిల్లలకి కంచాలు వేసేవారు కాదు. గుండ్రంగా కూర్చోబెట్టి, పెద్ద గిన్నెలో పులుసన్నం కలిపి, తలా ఒక ముద్ద అరచేతిలో పెట్టేవారు. మెతుకు పారబోసే పని లేదు, కంచాలు కడిగే నీళ్ళూ మిగిలేవి. ఇప్పటికీ నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

చేత్తో అన్నం కలిపి ముద్దలు పెట్టేది మా మేనత్త. పెళ్ళైన ఏడాదికే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. చిన్నప్పటినుంచీ ఆమెకి ఒంటికి దురద. మోచేతి మడతల్లో, మెడ మీద, వేళ్ళ మధ్య చర్మం నల్లగా మందమెక్కి పగిలేది. గోగునార తీసే రోజుల్లో మరీను. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళంతా చెరువులో మోకాళ్ళ లోతున నిలబడి, నానిన గోగుకట్టల నుంచి నార ఒలిచేవారు. అందరి చేతులూ నీళ్ళకి పాడైనా రెండు రోజుల్లో బాగుపడేవి. అత్త చేతులు మాత్రం నెత్తురు కారేవి.

ఒకనాడు బడిలో పక్కపిల్ల, మీ అత్తది గజ్జి, ఆ చేతికూడు తింటే నీకూ అంటుకుంటుంది అంది. ఆ మధ్యాహ్నం అత్త ముద్ద పట్టుకుని నా ముందుకి వచ్చేసరికి పిడికిలి మూసేశాను.

"ఏటే, ఆకలి నేదా?" అంది.

నేను ఆమె ముఖం చూడలేదు. వేళ్ళకేసి చూశాను. ఆమెకి అర్థమైపోయింది. ముద్ద గిన్నెలో వేసేసి, లోపలికెళ్ళి గరిటె తెచ్చింది. మిగతా పిల్లలకీ దాంతోనే పెట్టింది.

మా తాతయ్య అరుగు మీంచి ఇదంతా చూశాడు. నన్ను కొట్టలేదు. మర్నాడు వచ్చి మా వరసలో కూర్చుని అరచెయ్యి చాపాడు. అత్త గరిటె ఎత్తబోతే, చేత్తోనే పెట్టమన్నాడు. తిన్నాక నాకేసి తిరిగి, "పది రోజులు తింతాను. రోజూ నా సెయ్యి సూడు. అంటుకుంటే నువ్వు గెలిసినట్టు," అన్నాడు.

రోజూ పొద్దున్నే ఆ చెయ్యి ఎండలో తిప్పి తిప్పి చూసేదాన్ని. నాగలి మేడి పట్టి కాయలు కాసిన చెయ్యి. ఒక్క పొక్కు లేదు. పదకొండో రోజు అందరికన్నా ముందు నేనే అరచెయ్యి చాపాను. అత్త గరిటెతోనే వేసింది. చేత్తో పెట్టమని ఏడ్చాను.

"ఒద్దులే తల్లీ, ఇదే అలవాటైపోనాది," అంది.

తాతయ్య నాకు బుద్ధి చెప్పగలిగాడు గానీ, మూసిన పిడికిలిని ఆమె మరిచేలా చెయ్యలేకపోయాడు. బతికినన్నాళ్ళూ ఏ పిల్లకీ ఆమె మళ్ళీ చేత్తో ముద్ద పెట్టలేదు. తరవాత నా పిల్లలకీ గరిటే.

అరవై దాటాక నా చేతులకీ అదే వచ్చింది. శ్రీకాకుళంలో డాక్టరమ్మ చూసి, ఇది వంశంలో వచ్చే అలర్జీ, ఎవరికీ అంటుకోదు, అంట్లసబ్బు ముట్టకు, చెయ్యి తడిసినప్పుడల్లా పూతమందు రాసుకో అంది. ఆ మందు గొట్టాన్ని ఆఖరికి కత్తెరతో కోసి, గీకి మరీ రాసుకుంటున్నాను.

మొన్న మా మనవరాలు ముద్ద పెట్టమని అరచెయ్యి చాపింది. పులుసన్నం కలిపాను. ఉప్పూ కారమూ వేళ్ళ పగుళ్ళలోకి దిగి, ప్రాణం జివ్వుమంది. గరిటె పక్కనే ఉంది, తీసుకోలేదు. పిల్ల తిని, మళ్ళీ చాపింది.

అత్త మా అందరికీ రోజూ ఈ మంటతోనే కలిపి పెట్టిందన్నమాట. ఒక్కనాడూ అబ్బా అనలేదు. అన్నం కలిపిన ప్రతిసారీ, నా పిడికిలి ముందు ఆగిపోయిన ఆ ముద్ద నాకు కనిపిస్తూనే ఉంటుంది.