పురుగు చాటున గడ్డ

మొన్న మనవరాలు మెట్ల మీద జారిపడి మోకాలు గీరుకుపోతే టింక్చర్ అయొడిన్ సీసా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పిల్ల ఏడుపు కూడా చెవికెక్కలేదు. నారాయణగూడ సందులో ఒక పెంకుటిల్లు, ఆ ఇంటి ముందుగదిలో మైక్రోస్కోపు మీదికి వంగి కూర్చున్న డాక్టర్ కామేశ్వరిగారు కళ్ళముందు నిలిచారు. గాజుపలక మీద అయొడిన్ చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ కప్పి, "అమ్మాయ్, ఇలా రా, ఇది చూడు" అని పిలిచేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఆవిడ కాకినాడవైపు మనిషి. రాష్ట్రం ఏర్పడ్డాక భర్త ఉద్యోగంతో పాటు హైదరాబాదు వచ్చి, ఆ పెంకుటిల్లు కిరాయికి తీసుకుని రక్తం, మూత్రం, మలం పరీక్షించే ల్యాబు పెట్టారు. నేను చిక్కడపల్లి పిల్లను. బీయస్సీ పాసై, ఊరికే కూర్చోలేక అక్కడ పనిలో చేరాను. నా పని ఏమిటో తెలిసిన రోజునుంచీ మా మేనత్త నా చేతి మంచినీళ్ళు ముట్టలేదు. ఆవిడకు చెంబులు అందించే చాకిరీ నాకు తప్పింది, అదొక లాభం.

తక్కిన ల్యాబులు అగ్గిపెట్టెలోనో సీసాలోనో ఇంటినుంచి తెచ్చిన నమూనా పుచ్చుకునేవి. కామేశ్వరిగారు వాటిని చూడకుండానే పారబోయించేవారు. రక్తవిరేచనాలు తెచ్చే అమీబా, నమూనా వెచ్చగా ఉన్నంతసేపే కదులుతుంది. చల్లారితే ముడుచుకుపోతుంది, అది అమీబానో చీము కణమో చెప్పడం కష్టం. అందుకని రోగులు మా దగ్గరికే వచ్చి, పెరట్లో ఉన్న దొడ్డిలో నమూనా ఇవ్వాలి. నేను దాన్ని పట్టుకుని పరుగున లోపలికి రావాలి. చలికాలంలో ఆవిడ గాజుపలకను అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేసేవారు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి గనక, "కదిలే అమీబాలు ఉన్నాయి" అని ఆవిడ రాసిస్తే డాక్టర్లు ఇంకేమీ ఆలోచించేవారు కాదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కడుపు నొప్పంటే అమీబియాసిసే. అది దొరికిందంటే అందరి మనసూ కుదుటపడేది.

చంద్రమ్మ పాలమూరు జిల్లా నుంచి వలస వచ్చిన కూలీ. అశోక్‌నగర్‌లో లేస్తున్న కొత్త ఇళ్ళకు కంకర మోసేది. చిక్కడపల్లి డాక్టరొకాయన పంపితే మా దగ్గరికి వచ్చింది.

"దొడ్డికి పోతే నెత్తురు పడుతుందమ్మా. గంప ఎత్తుకుంటే కండ్లు తిరుగుతున్నయి" అంది.

నమూనా నిండా అమీబాలే. కామేశ్వరిగారు రాసిచ్చారు, ఆ డాక్టరు అమీబాలను చంపే ఎమిటిన్ ఇంజెక్షన్లు పొడిచారు, కాస్త నెమ్మదించింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అమీబాలే, మళ్ళీ ఇంజెక్షన్లే. వచ్చిన ప్రతిసారీ మనిషి చిక్కిపోయి కనిపించేది. కామేశ్వరిగారికి కోపం వచ్చింది.

"ఎక్కడి నీళ్ళు తాగుతున్నావే నువ్వు?"

"ఇటుకలు తడిపే తొట్టి నీళ్ళే అమ్మా. ఇంకేడికెళ్లి తెచ్చుకోవాలె?"

"కాచుకుని తాగచ్చుగా?"

పనిలో ఉన్న కూలీకి నీళ్ళు కాచిచ్చేదెవరో కామేశ్వరిగారికీ తెలియదు, నాకూ తెలియదు. వానలు పడేలోగా తగ్గిపోతే చాలని, ఊరికి పోయి చేనేసుకోవాలని మాత్రం చంద్రమ్మ చెప్పుకుపోయింది.

అది అరవైతొమ్మిది, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న కాలం. తరచూ బందు, అంగళ్ళన్నీ మూత. కోస్తావాళ్ళు కొందరు పిల్లలను ఊళ్ళకు పంపేశారు. కామేశ్వరిగారు ముందు తలుపు మూసి, పెరటి తలుపు తీసిపెట్టి కూర్చునేవారు. అటువంటి ఒక బందు రోజున చంద్రమ్మ అశోక్‌నగర్ నుంచి నడిచి వచ్చింది. దొడ్డిలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. చివరికి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కామేశ్వరిగారు నా చేతిలోని గాజుపలక వైపు చూడనే లేదు.

"ఆ డాక్టరుగారు నిన్ను పడుకోబెట్టి చూశారా?"

"పొట్ట ఒత్తి సూసిండు."

"కింద?"

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏందమ్మా గట్లంటవు? మొగాయన, ఆయనెట్ల సూస్తడు? నేనెట్ల సూడనిస్త?"

కామేశ్వరిగారు బీరువాలోంచి రబ్బరు గ్లోవు తీశారు. చంద్రమ్మను లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. తిరిగి వచ్చాక చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

"వేలికి అందుతోంది. మలద్వారం లోపల, గట్టి గడ్డ" అన్నారు. తర్వాత గోడవైపు తిరిగి, "ఆడదాన్ని, డాక్టర్ని. మొదటిరోజే నేను చూడాల్సింది. నా పని మైక్రోస్కోపు దాకానే అనుకున్నాను" అన్నారు.

అయినా ఆశ ఉందని చెప్పారు. అమీబా వల్ల కూడా పేగులో గడ్డ కడుతుందిట. చేతికి అచ్చం కేన్సర్ లాగే తగులుతుంది, కాని మందుకు కరిగిపోతుంది. ఇదీ అదే అయితే చంద్రమ్మ వానలకు ఊరు చేరుతుంది. కాకపోతే చేరదు. ముక్క తీసి పరీక్షిస్తే గాని తేలదు. మర్నాడు కామేశ్వరిగారే ఆమెను రిక్షాలో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అల్లర్ల రోజుల్లో ఎందుకమ్మా అని ఇరుగుపొరుగు ఆపబోయినా వినలేదు. ముక్క పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో నేనూ దేవుడికి దండం పెట్టుకున్నాను. అమీబా గడ్డే కావాలని మొక్కుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆసుపత్రిలో తెలిసినవారిని అడిగి ఆవిడ ఆ ముక్కను పరచిన గాజుపలకను మా ల్యాబుకు తెచ్చారు. "చూడు" అని కుర్చీలోంచి లేచారు. పుండు అంచున అమీబాలు, పొట్టనిండా ఎర్ర కణాలు మింగి ఉన్నాయి. వాటి కింద, లోపలికంటా, వరస తప్పి ఒకదాని మీదొకటి తోసుకుంటూ నల్లగా కమ్ముకున్న కణాలు. కేన్సరేనని చూస్తేనే తెలిసింది.

"ఈ అమీబా పురుగే కేన్సర్ తెచ్చిందాండీ?" అన్నాను.

"తూర్పు దేశాల్లో పచ్చి చేపలు తినేవాళ్ళకి కాలేయంలోని పైత్యనాళాల్లో ఒక చదునైన పురుగు చేరుతుంది. ఏళ్ళ తరబడి అక్కడే కాపురం. చివరికి అదేచోట కేన్సర్ లేస్తోందని అక్కడి డాక్టర్లు రాస్తున్నారు. మన అమీబా విషయంలో అలాగని ఎవరూ తేల్చలేదు. నాకు తెలీదమ్మాయ్. ఇది దాన్ని పుట్టించిందని చెప్పలేను. మన కళ్ళ నుంచి దాచిపెట్టింది, అంతవరకు చెప్పగలను."

గడ్డ వెనక ఎముకకు అంటుకుపోయిందని, కోసి లాభం లేదని సర్జన్ చెప్పారు. ముషీరాబాద్ బస్తీలో చంద్రమ్మ గుడిసెకు కామేశ్వరిగారితో నేనూ వెళ్ళాను. భర్త బాలయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమె చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది.

"ఆ పురుగు సచ్చిందా అమ్మా?"

"చచ్చింది చంద్రమ్మా."

"మరి నేనెందుకు లేస్తలేను?"

ఏదో ఒక అబద్ధం చెబుతారనుకున్నాను. కామేశ్వరిగారు చాప పక్కన నేలమీద కూర్చుని, "పురుగు చాటున ఇంకోటి పెరిగింది. నేను వెతకలేదు. నన్ను క్షమించు" అన్నారు. చంద్రమ్మ, "నువ్వేం జేస్తవు తియ్యి. నేనే సూడనియ్యకపోతి" అని ఆవిడ చెయ్యి తడిమింది. ఆ మాటకు ఆవిడ వెక్కివెక్కి ఏడ్చారు. అంతకుముందుగాని, తర్వాతగాని ఆవిడ ఏడవడం నేను చూడలేదు. వానలు పడ్డాయి. బాలయ్య ఒక్కడే ఊరికి పోయాడు.

ఆ తర్వాత లోపలిగది మంచానికి తెర కట్టించారు. రక్తం పడుతోందని వచ్చిన ఏ ఆడమనిషినీ, అమీబా దొరికినా దొరక్కపోయినా, వేలితో చూడకుండా పంపేవారు కాదు. చిక్కడపల్లి డాక్టరు ఒకరోజు మండిపడుతూ వచ్చారు. "రిపోర్టు ఇవ్వడం మీ పని. వైద్యం మాకు వదిలేయండి."

"వైద్యం మీరే చేయండి. మీరు చూడని చోట నేను చూస్తున్నాను, అంతే" అన్నారావిడ, కుర్చీ కూడా చూపించకుండా. ఆయన రోగులను పంపడం మానేశారు, ఇంకొందరూ మానేశారు. ల్యాబు పలచబడింది. ఆవిడ పద్ధతి మార్చుకోలేదు.

నేను డాక్టర్ని కాను, పరీక్షించడం నా చేతిలో లేదు. అడగడం ఒక్కటే ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అమీబియాసిస్ అట, మొలలట, వేడి చేసిందట, ఎవరే పేరు చెప్పుకున్నా వాళ్ళను పక్కకు పిలిచి, కింద ఎవరైనా చేత్తో చూశారా అని అడుగుతాను. లేదనే జవాబే ఎక్కువ. మొన్నొక పెళ్ళిలో భోజనాల బంతి మీదే అడిగానని మా కోడలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకేమీ బాధ లేదు. చంద్రమ్మ విషయంలో ఎవరూ మర్యాద తప్పలేదు. ఆ డాక్టరు తప్పలేదు, కామేశ్వరిగారు తప్పలేదు, చంద్రమ్మా తప్పలేదు. అందరి మర్యాదా నిలిచింది, ఆమె ఒక్కతే పోయింది.