పెద్దమ్మ పోలేని మక్కా

మీరు నమ్మని చోటికి మీ తల్లి పోతానంటే మీరేం చేస్తారు? వాదిస్తారా, తోవ చూపుతారా? నా వయసు వాళ్లు, సభల్లో చప్పట్లు కొట్టించుకుని పెరిగినవాళ్లు, జవాబు చెప్పడానికి తొందరపడకండి. నేను తొందరపడ్డాను.

పోయిన వారం గద్వాలలో మా వీధిలోనే ఉండే ఒకావిడ హజ్ యాత్ర చేసి వచ్చి, చిన్న సీసాలో జంజం నీళ్లు, గుప్పెడు ఖర్జూరాలు తెచ్చి మా గాజుల పెద్దమ్మ చేతిలో పెట్టింది. మంచం దిగలేని పెద్దమ్మ ఆ సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, మూత తీయకుండా, అడిగిందే అడుగుతూ కూర్చుంది. సఫా గుట్ట రాయి ఇంకా కనపడుతదా, ఏడోసారి కాళ్లు నొయ్యలేదా అని. ఆమె పక్కనే కూర్చున్న నేను విని తట్టుకోలేక బయటికి వచ్చేశాను.

పెద్దమ్మ అన్నానే గాని ఆమె మా అమ్మకు తోడబుట్టింది కాదు. మాది చీరలు నేసే ఇల్లు, ఆమెది మా గోడకు ఆనుకుని ఉన్న గాజులమ్మే ముస్లిం ఇల్లు. నేను పుట్టిన నెలలోనే అమ్మకు విషజ్వరం తగిలి పాలు ఎండిపోతే, అప్పుడే పసిగుడ్డును మట్టికిచ్చి వచ్చిన ఆమె నన్ను ఒళ్లోకి తీసుకుని, అమ్మ లేచి తిరిగేదాకా తన పాలిచ్చిందట. ఆ తర్వాత కొన్నాళ్లకే భర్త పోయాడు, మళ్లీ పిల్లలు లేరు, అన్నదమ్ములూ లేరు. గాజుల మలారం భుజాన వేసుకుని అలంపూరు దాకా, పెబ్బేరు సంత దాకా తిరిగిన ఆ మనిషికి ఉన్న ఆశ ఒక్కటే, మక్కా చూడాలని.

అప్పట్లో మా వీధి పొడవునా పడుగు సాచి, దారానికి గంజి పట్టించి, కుంచె పట్టుకుని మావాళ్లు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుండేవాళ్లు. పెద్దమ్మ అరుగు మీద గాజులు గుచ్చుకుంటూ ఆ నడకను చూపించే నాకు మక్కా చెప్పింది. ఎడారిలో ఒంటరిగా మిగిలిన హాజిరా తల్లి, నీళ్లకు ఏడ్చే పసివాణ్ణి నేల మీద పడుకోబెట్టి, సఫా, మర్వా అనే రెండు గుట్టల నడుమ ఏడుసార్లు ఉరికిందని, ఆఖరుకు బిడ్డ దగ్గరే ఊట పుట్టిందని, అదే జంజం అని. మా నేతవాళ్ల లెక్కలో పోయి రావడం కలిపి ఒకటే కాబట్టి నేనూ అట్లాగే లెక్కపెట్టాను. ఆమె పకపకా నవ్వింది.

"పోతే ఒకటి, వస్తే రెండు బేటా. ఏడోది మర్వా కాడ అయిపోతది. మీ లెక్కతోని అయితే పాపం గా తల్లి పద్నాలుగు సార్లు ఉరకాలె!"

అరఫాత్ మైదానంలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా నిలబడి క్షమాపణ అడగకపోతే హజ్ హజ్ కాదని, మినాలో సైతాను పేర విసిరే రాళ్లు శనగ గింజంతే ఉండాలని, మదీనాలో ప్రవక్త సమాధి ముందు గొంతు ఎత్తకూడదని, ఇవన్నీ నాకు ఆ అరుగే నేర్పింది. కాబాకు కప్పే నల్లని పట్టుగుడ్డ సంగతి వచ్చినప్పుడు మాత్రం మా నాయిన మగ్గం ఆపి, దాని పన్నా ఎంత వెడల్పు, జరీ ఎట్లా వేస్తారు అని అడిగేవాడు. చూసొచ్చి చెప్త తమ్మీ అనేది పెద్దమ్మ. అది వినకుండానే నాయిన పోయాడు.

వనపర్తికి చదువుకు పోయాక నాకు తర్కం ఒంటబట్టింది. దేవుడు అన్నిచోట్లా ఉంటే అంత దూరం ఎందుకని ఒక ఆదివారం ఆమెను నిలదీశాను.

"మీ అమ్మ నీ మనసుల ఉంది గద. మరి వారం వారం బస్సెక్కి ఏంటికొస్తవురా?" అంది, గాజుల మీద నుంచి కళ్లు ఎత్తకుండానే. నేను దాన్ని వాదన కింద లెక్కవేయలేదు.

నాగర్‌కర్నూలులో నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఆమె ప్రయాణానికి కావలసింది కూడబెట్టుకుంది. కానీ వెంట మహ్రం ఉండాలి, అంటే భర్తో, కొడుకో, పెళ్లికి వరస కుదరని దగ్గరి మగవాడో. ఆమె మసీదు పెద్ద దగ్గరికి నన్నే తీసుకుపోయింది.

"వీడు నా పాలు తాగిండు. మన లెక్కల కొడుకే గద?"

ఆయన గడ్డం నిమురుకుని, పాల వరస నిజమేనమ్మా, వీడు నీకు మహ్రమే, కానీ ముస్లిం కానివాడు మక్కాలో అడుగు పెట్టరాదు అన్నాడు. తిరిగి వస్తూ ఆమె నా చెయ్యి వదలలేదు. నేను ఆ రోజు రగిలిపోయాను. ఒంటరి తల్లి ఉరికిన దారిలో నడవడానికి ఒంటరి ఆడదానికి అనుమతి లేదా అని వ్యాసాలు రాశాను, సభల్లో బల్లలు చరిచాను. దానివల్ల ఆమె ఒక్క అడుగు ముందుకు పోలేదు.

చాలా ఏళ్లకు నిబంధన మారింది. వయసు మళ్లిన ఆడవాళ్లు మగతోడు లేకుండా జట్టుగా పోవచ్చన్న వార్త నేను పేపరులో చదివాను. చదివి, మడిచి పక్కన పెట్టాను. నమ్మకం లేని నేను ఒక నమ్మకానికి దారి చూపడమేమిటన్న పొగరు అది. ఇంకే పేరూ దానికి లేదు. మూడేళ్లు గడిచాక అమరచింతలో ఉండే బంధువు ఎవరో చెబితే ఆమెకు తెలిసింది.

"నీకు తెల్వదా బేటా? రోజు పేపరు చదువుతవు గద!"

తెల్వదు పెద్దమ్మా, అన్నాను.

దరఖాస్తు నేనే నింపాను. దవాఖానలో డాక్టరు గుండె పరీక్ష చేసి, ఆ ఎండలో, ఆ జనంలో ఈమె తట్టుకోలేదని సంతకం పెట్టలేదు. మూడేళ్ల కింద అయితే పోయేదేమో అని మాత్రం నాతో అన్నాడు. ఆమె కాగితాలు మడిచి పెట్టెలో పెట్టి, పోనీలే బిడ్డా, నువ్వు చానా తిరిగినవు నా కోసం అంది. ఇవాళ్టికీ ఆమెకు నిజం తెలియదు. చెబితే నా బరువు దిగుతుంది, ఆమె గుండె మీద పడుతుంది. చెప్పకపోతే నన్ను మెచ్చుకుంటూనే పోతుంది. రెండూ చేయలేక ఆమె మంచం పక్కన కూర్చుంటున్నాను.

ఇప్పుడు మా వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు, గాజులు అద్దాల కొట్లలో దొరుకుతున్నాయి, పక్కింటి బిడ్డకు పాలిచ్చే రోజులూ పోయాయి. ఆ పాలు తాగిన నేను ఆమెకు ఒక వార్త అందించలేకపోయాను. నేను ఇప్పటికీ నమ్మను. కానీ నమ్మనివాడికి ఎదుటిమనిషి దారి మూసే హక్కు ఏ తర్కం ఇచ్చింది?

ఇది చదవడం ఆపి లేవండి. మీ ఇంట్లోనో గోడవతలో ఉన్న ముసలావిడ దగ్గరికి పోయి, ఎక్కడికి పోవాలనుందో అడగండి. మక్కా అంటే మక్కా, కాశీ అంటే కాశీ. వాదించకండి. ఆమె కాళ్లు నడిచే ఈ రోజుల్లోనే, ఇవాళే, ఆ దరఖాస్తు మీ చేత్తో నింపండి.